పరుషోక్తికి రెండు తూనికలు

భరతుని నాట్యశాస్త్రమునందు నటుల ప్రదర్శనమువలన ప్రేక్షకుల మనస్సు నొచ్చిన సందర్భములు రెండు కలవు. ఒకటి ప్రథమాధ్యాయమున, రెండవది గ్రంథాంతమున. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చదువువారు అరుదు. ఇంద్రధ్వజోత్సవమున భరతపుత్రులు ఆడిన తొలి నాట్యము దైత్యుల పరాజయమును గూర్చినది. తమ ఓటమిని తమ కన్నులయెదుటనే ఆడి చూపుట దైత్యులకు దుస్సహమైనది. వారు విరూపాక్షుని ముందిడుకొని నటుల వాక్కును, చేష్టను, స్మృతిని స్తంభింపజేసిరి. ఇంద్రుడు లేచి ధ్వజదండముతో వారి శరీరములను జర్జరితములు గావించెను. ఆ దండమే జర్జరమను పేర రంగపూజయందు పూజనీయమైనది. అటుపిమ్మట బ్రహ్మ మిగిలిన దైత్యులను చేరబిలిచి, నాట్యము దేవతల కొరకు మాత్రమే ఏర్పడినది కాదనియు, అందరి శుభాశుభములను చూపుటయే దాని ధర్మమనియు అనునయించెను. గ్రంథాంతమునందలి కథ వేరు. భరతపుత్రులు విద్యాగర్వమున ఋషులనే పరిహసించుచు ప్రహసనములు ప్రదర్శించిరి. ఋషులు కోపించి వారికిని, వారి సంతతికిని శాపమిచ్చిరి.

దైత్యులు నొచ్చినపుడు దెబ్బలు తిన్నది నొచ్చినవారు. ఋషులు నొచ్చినపుడు శిక్ష పడినది నొప్పించినవారికి. మొదటిది జరిగిన యుద్ధమును చూపుట, రెండవది కల్పించి గేలిచేయుట. కావున రెండును సమానములు కావని వాదింపవచ్చును. ఆ భేదము నిజమే. ఐనను దైత్యులకు నాట్యధర్మమును బోధించిన నోరు ఋషులకు బోధింపలేదు. ఋషుల విషయమున నొచ్చినవారే న్యాయాధిపతులైరి. ఈ అసమానత్వమును శాస్త్రకారుడు దాచలేదు, సమర్థింపనులేదు. కథలు రెండును రెండు కొనలయందుంచి ఊరకుండెను.

వినోదకారుడు పలికిన పరుషవాక్యమును లోకము తూచునపుడు త్రాసులో మొదట పడునది ఆ వాక్యము కాదు. పలికినది మనవాడా పరాయివాడా, పడినది మనవారా ఇతరులా అను పడికట్టురాళ్లు ముందుగనే ఒక తట్టలో నుండును. మాట రెండవ తట్టలో చేరునప్పటికి ముల్లు ఒక ప్రక్కకు ఒరిగియే యుండును. ఇటీవలి కాలమున తెలుగువారి నడుమను, తెలుగువారిని గూర్చియు జరిగిన కొన్ని ఘట్టములయందు ఈ తూనిక ఎట్లు సాగినదో పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

ఇట్టి పరిశీలనకు తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని తిరుమణివంటి గ్రామము మిక్కిలి అనువైన తావు. 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్క్షేత్రము ఏర్పడిన ఐదు గ్రామములలో నొకటిగా ఈ ఊరి పేరు ఇప్పుడు దూరదేశములందును వినబడుచున్నది. వర్షాభావమున బీడుపడిన పదమూడువేల ఎకరములు రైతులనుండి కౌలునకు గైకొని, 2018 మార్చి మొదటి తేదీన దానికి ప్రారంభోత్సవము జరిపిరి. అది యటుండనిండు. భాషాదృష్టితో చూచినచో ఈ ఊరి విశేషము మరియొకటి. పావగడ తాలూకా కర్ణాటకమునకు చెందినదైనను దాని పొలిమేరలో అధికభాగము ఆంధ్రప్రదేశమే. ఇంటిలో మాటాడునది తెలుగు. కచేరీలో వ్రాయునది కన్నడము. హిందూపురము పొరుగూరు. ఇచ్చటి ప్రేక్షకుడు ఒక్కడే యైనను వానిలో ఇద్దరుందురు. కన్నడనాటి పౌరుడుగా ఒకమారు, తెలుగు మాతృభాషగా గలవాడుగా ఒకమారు నొచ్చుకొనుటకు వానికి అధికారము కలదు. రెండు తూనికలును ఒకే ఇంటి వసారాలో వ్రేలాడుచున్నచోట వాని భేదము సులభముగ కనబడును.

మొదట కన్నడపు ప్రక్కను చూతము. తమిళనటుడు సత్యరాజ్ 2008లో జలవివాదసందర్భమున చేసిన ఒక ప్రసంగములో కన్నడిగులను కించపరచిరని ఆరోపణ. 2015లో 'బాహుబలి' మొదటి భాగము వెలువడినది. అందు కట్టప్ప పాత్రధారి ఆ సత్యరాజే. ఆ చిత్రము కర్ణాటకమున నిరాఘాటముగ ప్రదర్శింపబడినది. అదే నటుడు, అదే పాత్రను ధరించిన రెండవ భాగము 2017 ఏప్రిల్ 28న విడుదల కానుండగా, తొమ్మిదేండ్లనాటి ప్రసంగము మరల పైకి వచ్చినది. వాటాళ్ నాగరాజు మున్నగువారి నాయకత్వమున కన్నడసంఘములు ఆ దినమున బంద్ ప్రకటించినవి. రాయచూరున జన్మించిన దర్శకుడు రాజమౌళి కన్నడములో మాటాడి, ఆ ప్రసంగమునకును తమ చిత్రమునకును సంబంధము లేదని విన్నవించిరి. ఏప్రిల్ 21న సత్యరాజ్ క్షమాపణ చెప్పిరి, బంద్ ఉపసంహరింపబడినది.

ఆ ప్రసంగము కన్నడిగులకు బాధాకరమైనదనుటలో వివాదము లేదు. అయితే 2015లో లేని బాధ 2017లో ఎట్లు కలిగినది? వాక్యము మారలేదు, పలికినవాడు మారలేదు. మారినది ఆ కోపమునకు దొరకిన విలువ. రెండవ భాగమునకై దేశమంతయు ఎదురుచూచుచుండెను. ఒకదినము ఆగినను నష్టము అపారము. ఆగ్రహము మూలధనమును బట్టి వడ్డీ కట్టుకొనుట నేర్చినది. పావగడ ప్రాంతపు తెలుగువాడు ఆ వారమున ఏ ప్రక్కను నిలువవలసియుండెనో ఎవరును అడుగలేదు. వానికి ప్రియమైన తెలుగుచిత్రము, తానెన్నడు వినని తమిళప్రసంగమునకు తాను నివసించు కన్నడనాట బదులు చెప్పుకొనవలసి వచ్చినది.

2025లో కమలహాసన్ కన్నడభాషోత్పత్తిని గూర్చి చెన్నపట్టణపు సభలో పలికిన మాటకు ఇదే మార్గమున ఆగ్రహము చెలరేగి, ఆయన చిత్రము జూన్ 5న కర్ణాటకమున విడుదల కాలేదు. ఉన్నతన్యాయస్థానము ఆయనను క్షమాపణ విషయమై ప్రశ్నించినది. సర్వోన్నతన్యాయస్థానము జూన్ 17న, చిత్రప్రదర్శనమును గుంపుల ఇష్టమునకు వదలరాదను వైఖరి వహించినది. భాషాశాస్త్రదృష్ట్యా ఆ మాట నిలువదు. తమిళ కన్నడములు రెండును ఒకే మూలద్రావిడమునుండి చీలిన శాఖలని పండితుల మతము. తప్పుడు శాస్త్రమునకు ఒప్పు శాస్త్రము చెప్పిన చాలునుగదా యని భాషోపాధ్యాయునికి తోచుట సహజము. కాని అట్టి సమాధానమునకు బంద్ అవసరములేదు కాబట్టి కాబోలు, అది ఎవరికిని రుచింపలేదు.

ఇక తెలుగు ప్రక్క. 2024 నవంబరు 3న చెన్నపట్టణమున జరిగిన ఒక సభయందు నటి కస్తూరి ప్రసంగించుచు, మూడువందల యేండ్లక్రిందట రాజుల అంతఃపురస్త్రీలకు సేవచేయుటకై వచ్చిన తెలుగువారు నేడు తాము తమిళజాతివారమని చెప్పుకొనుచుండగా, అంతకుముందే వచ్చిన బ్రాహ్మణులను తమిళులు కారనుట ఏమి న్యాయమను అర్థము వచ్చునట్లు పలికిరి. తమిళనాటి తెలుగుసంఘములు తీవ్రముగ నిరసించినవి. పోలీసులకు ఫిర్యాదులు అందినవి. తన మాట కొందరు వ్యక్తులను ఉద్దేశించినదే కాని తెలుగుజాతిని కాదని ఆమె వివరణమిచ్చి, వ్యాఖ్యలను ఉపసంహరించుకొనిరి. ఐనను కేసులు ఆగలేదు. నవంబరు 14న ఉన్నతన్యాయస్థానపు మధురశాఖ ముందస్తు బెయిలును నిరాకరించినది. 16న హైదరాబాదులో ఆమెను నిర్బంధించి చెన్నపట్టణమునకు గొనిపోయిరి. 20న బెయిలు లభించినది.

ఆ వాక్యము చరిత్రకు విరుద్ధము. మధుర, తంజావూరుల నాయకరాజ్యములు 16వ శతాబ్దమున ఏర్పడినవి. కావున మూడువందల యేండ్లను లెక్కయే తప్పు. విజయనగరకాలమునుండి దక్షిణమునకు తరలినవారిలో సేనానులు, రైతులు, నేతగాండ్రు, తోలుపని చేయువారు, పండితులు, గాయకులు నుండిరి. అరుంధతీయులలో అనేకులకు నేటికిని తెలుగే ఇంటిమాట. ఇందరిని ఒక అంతఃపురద్వారమున నిలిపి చూపుట అన్యాయము. అల్పసంఖ్యాకులగు భాషాజనులను, తరతరములుగ నివసించిన నేలమీదనే పరాయివారని ధ్వనింపజేసిన మాట కాబట్టి దానికి కొంత అధికమైన బరువును న్యాయముగనే ఈయవలసియుండును. తిరుమణివంటి గ్రామమున నున్న తెలుగువానికి ఈ బరువు ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ కోపమును తప్పుపట్టుటకు కాదు, దానిని కొలతగా గైకొని మిగిలినవానిని కొలుచుటకే ఇచట దానిని ఇంత విపులముగ చెప్పుట. కస్తూరి తెలుగువారికి పరిచయములేని వ్యక్తి కాదు. 1997లో వెలువడిన 'అన్నమయ్య' చిత్రమున కవి భార్యలలో నొకరుగా నటించిరి. 2020లో ప్రారంభమైన 'ఇంటింటి గృహలక్ష్మి' ధారావాహికలో తులసి పాత్రధారిణి ఆమెయే. సాయంకాలము దీపము వెలిగించి తెలుగుగృహిణులు తమ యింటి ఆడుబిడ్డవలె చూచుకొనిన ముఖము ఒక్క ప్రసంగముతో పరాయిదైనది. మనవారని తలచినవారు పరాయివారగుటకు ఇంత తక్కువ కాలము చాలునేని, మనవారుగనే మిగిలిపోవువారు ఏమి పలికి మిగిలిరో చూడవలెను.

2016 మార్చిలో హైదరాబాదున 'సావిత్రి' చిత్రపు పాటల విడుదల సభయందు నందమూరి బాలకృష్ణ ప్రసంగించిరి. అప్పటికి ఆయన హిందూపురము శాసనసభ్యులు. తాను చిత్రములలో కథానాయికల వెంట ఊరక తిరిగినచో అభిమానులు ఒప్పుకొనరనియు, ముద్దైన పెట్టవలెను, లేక కడుపైన చేయవలెననియు అర్థము వచ్చునట్లు ఆయన పలికిరి. సభలో హర్షధ్వానములు చెలరేగినవి. మరునాటినుండి మహిళాసంఘములు, ప్రతిపక్షములు విమర్శించినవి. పోలీసులకు ఫిర్యాదు చేరినది. తాను చిత్రపాత్రలను ఉద్దేశించి పలికితిననియు, ఎవరి మనస్సైన నొచ్చినచో చింతించుచున్నాననియు ఆయన ప్రకటించిరి. అంతటితో అది చల్లారినది. 2019లోను, 2024లోను ఆయన హిందూపురమునుండియే మరల ఎన్నికైరి. ఎన్నికలకు కారణములు అనేకములుండును; ఒక మాటను మన్నించియే ఓటువేసిరని చెప్పుట తర్కమునకు నిలువదు. గమనింపవలసినది వేరొకటి. ఆ వాక్యమున కథానాయికలు మాత్రమే అవమానింపబడలేదు. అట్టి చేష్టలు కోరువారని అభిమానులనే ఆయన సాక్ష్యమునకు పిలిచిరి. ఒక జనసమూహమంతటికి ఒక నీచాభిలాషను అంటగట్టుట ఇదియును. ఇతరసందర్భములలో చీమకుట్టినంతకే మనోభావములు దెబ్బతిన్నవని వీధికెక్కు అభిమానసంఘములు, తమను గూర్చి తమ నాయకుడే ఇచ్చిన ఈ యోగ్యతాపత్రమును ఈలలువేసి స్వీకరించినవి.

మరుసటి సంవత్సరము, 2017 మే నెలలో, 'రారండోయ్ వేడుక చూద్దాం' చిత్రపు సభయందు వృద్ధనటుడు చలపతిరావు, స్త్రీలు మనశ్శాంతికి హానికరులా యను ప్రశ్నకు బదులుగ, వారు శయ్యకు మాత్రము పనికివత్తురను భావముతో ఒక మోటు మాట పలికిరి. దానిని సమర్థించు పని ఎవరికిని లేదు. ఆ చిత్రమును నిర్మించిన నాగార్జునయే దానిని బహిరంగముగ ఖండించిరి. పోలీసులు కేసు నమోదు చేసిరి. చలపతిరావు పలుమారులు క్షమాపణ చెప్పుకొనిరి. 2022 డిసెంబరులో ఆయన మరణించినపుడు సైతము ఆ మాటను తలచినవారు కలరు.

రెండు సభలకు నడుమ పదునాలుగు నెలల దూరము మాత్రమే. నగరమొకటి, పరిశ్రమ యొకటి, సందర్భమొకటి. సూక్ష్మముగ చూచినచో చలపతిరావు మాట స్త్రీలనందరిని చుట్టివేసినది గాన కొంత ఘోరమనవచ్చును. బాలకృష్ణ మాట పాత్రధారిణులకు పరిమితమనవచ్చును. మరియొక విధమున చూచినచో రెండవవారు శాసనసభ్యులు. ప్రజాప్రతినిధి నాలుకకు పరిమితి అధికము. ఈ విధమైన బేరీజు వేయుటయే విమర్శకుని పని. లోకము ఆ బేరీజు వేయలేదు. ఒకరికి అభిమానసంఘములు, వంశము, పక్షము కలవు. మరియొకరికి ప్రతినాయకుని అనుచరుడుగాను, తండ్రిగాను వేసిన వందలకొలది చిన్నపాత్రలు కలవు. చిన్నపాత్రధారికి క్షమాపణయు చిన్నదిగనే లెక్కింపబడినది.

2023 జనవరిలో జరిగిన మరియొక ఘట్టముతో దీనిని పోల్చిన విషయము మరింత విశదమగును. తన చిత్రవిజయసభయందు బాలకృష్ణ మాటలదొర్లులో అక్కినేనివారి యింటిపేరునకు ఒక అనుప్రాసము తగిలించిరి. అది శబ్దక్రీడయే కాని సభ్యముగ వినబడలేదు. అక్కినేని నాగేశ్వరరావు మనుమలు నాగచైతన్య, అఖిల్ వెంటనే నిరసనప్రకటన చేసిరి, అభిమానులు రోడ్డెక్కిరి. దివంగతుడగు మహానటుని కించపరచరాదనుట ఒప్పుకొనదగినదే. కాని ఒక యింటిపేరు చివర చేరిన రెండక్షరములకు పుట్టిన వేడి, పేరులేని కథానాయికలను గూర్చిన మాటకు పరిశ్రమలోపల పుట్టలేదు. ఇంటిపేరునకు వారసులుందురు, కథానాయికకు ఆ సభలో వారసులెవరు?

2018 ఏప్రిల్ నెలలో శ్రీరెడ్డి విషయము దీనికి తిరగబడిన ప్రతిబింబము. పరిశ్రమలో అవకాశముల కొరకు స్త్రీలు పడు దురవస్థను గూర్చి ఆమె ఆరోపించి, ఫిలిం ఛాంబరు ముందు అర్ధనగ్నముగ నిరసన తెల్పిరి. నటీనటుల సంఘము మొదట ఆమెతో ఎవరును నటింపరాదనెను. జాతీయ మానవహక్కుల సంఘము తాఖీదులిచ్చిన పిమ్మట ఆ నిషేధమును తొలగించెను. కొలదిదినములకే ఆమె పవన్ కల్యాణ్‌ను గూర్చి ఒక బూతుమాట పలికిరి. ఆ మాట గర్హ్యమే. ఆమెయు క్షమాపణ చెప్పిరి. కాని దినములతరబడి ఆరోపణలకు కదలని పెద్దలు ఆ ఒక్క మాటకు కదలిరి. ఫిర్యాదు మరుగున పడినది, బూతు మిగిలినది. స్త్రీని గూర్చి పురుషుడు పలికినది సరసము, పురుషుని గూర్చి స్త్రీ పలికినది తెగింపు అను పాతసూత్రమునకు ఇది క్రొత్త ఉదాహరణము.

ఇచట ఒక ఆక్షేపము వినవచ్చును. హాస్యమునకు మర్యాద తగిలించినచో హాస్యమే చచ్చునని. జానపదరంగమును దీనికి సాక్ష్యముగ చూపుదురు. ఆ సాక్ష్యమును జాగరూకతతో వినవలెను. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు నిలయము. అచ్చటి దళవాయి చలపతిరావునకు 2020లో పద్మశ్రీ వచ్చినది. ఆంధ్రదేశపు తోలుబొమ్మలాటయందు కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క అను హాస్యపాత్రలు రామరావణుల నడుమ దూరి మోటుసరసములాడును. కన్నడదేశమున ఇట్టి హాస్యపాత్రమునకు కిళ్లేక్యాత యని పేరు. వీరి మాటలను అచ్చువేసినచో కస్తూరి మాటగాని, చలపతిరావు మాటగాని చిన్నబోవును. ఐనను ఊరివారు స్త్రీబాలవృద్ధముగ తెల్లవారువరకు కూర్చుండి వినెడివారు. ఏలయన, కేతిగాని నాలుకకు అందరును సమానులే. గ్రామపెద్ద, కరణము, వైద్యుడు, తెర వెనుకనున్న ఆటగాడు కూడ. పైగా అది బొమ్మ. దీపము ఆరినపిదప కేతిగాడు ఎవరి తరపునను ఓట్లడుగడు. రంగమునకు పొలిమేర కలదు. ఆ పొలిమేర లోపలనే ఆ స్వేచ్ఛ.

పాటల విడుదల సభ రంగము కాదు. అచట నటుడు వేషము విప్పి తన పేరుతో, తన ప్రతిష్ఠతో, ఎదుటనున్న వేలమందిని తన వారిగ భావించి మాటాడును. అట్టి మాటకు కేతిగాని మినహాయింపు వర్తింపదు. ఐతే జానపదరంగమును మరీ పొగడుటయు న్యాయముకాదు. కేతిగాడు అందరిని ఎగతాళి చేసినను మోటుసరసమునకు తరచు గురియగునది బంగారక్కయే. ఆమె ఎదురు చెప్పుననుట నిజమే. కాని ఆమె పక్షమున ఊరివారెవరైన లేచి నిలిచిరని చెప్పు కథలు తక్కువ.

ఇపుడు కస్తూరి పలికిన 'అంతఃపుర' శబ్దమును మరల చేతికి తీసికొనవలెను. దానిలోనే తెలుగువారి రెండవ తూనిక దాగియున్నది. ఆ వాక్యము ఎందుచేత తిట్టుగ వినబడినది? అంతఃపురమున సేవచేసినవారి సంతతి యనుట నీచమని పలికినవారును, వినినవారును కలిసి అంగీకరించుటచేత. నిరసనలు ఎక్కువగా 'మేము అట్టివారము కాము' అను ధోరణిలోనే నడచినవి. అట్టివారైనచో ఏమి తప్పు అని అడిగిన గొంతు సన్నగిల్లినది. కాని తంజావూరి రాజాస్థానమున మెలగిన తెలుగు స్త్రీలు ఎవరు? విజయరాఘవనాయకుని కొలువున 'మన్నారుదాసవిలాసము' రచించి కనకాభిషేకము పొందిన పసుపులేటి రంగాజమ్మ యొకరు. రఘునాథనాయకుని చరితమును సంస్కృతమున కావ్యముగ కూర్చిన రామభద్రాంబ యొకరు. తరువాత మరాఠరాజగు ప్రతాపసింహుని కాలమున 'రాధికాసాంత్వనము' వ్రాసిన ముద్దుపళని యొకరు. దక్షిణాంధ్రయుగ వాఙ్మయమునుండి ఈ స్త్రీలను తీసివేసినచో ఆ యుగమునకు మిగులు శోభ ఎంత? తిట్టుగ విసరిన శబ్దమును ఒక బిరుదముగ ఏరుకొనుటకు తెలుగువారికి ఇంతటి ఆధారముండగా, వారు దానిని దులుపుకొనుటకే తొందరపడిరి.

ఆ తొందర క్రొత్తది కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ కవుల చరిత్రమున ముద్దుపళనిని తలచుచు, ఆమె వేశ్యయనియు, స్త్రీసహజమగు సిగ్గు లేక శృంగారమును మితిమీరి వర్ణించెననియు దూషించిరి. ఆ కాలమున బెంగుళూరు నాగరత్నమ్మ చెన్నపట్టణమున ప్రసిద్ధగాయని. 1878లో నంజనగూడు ప్రాంతమున పుట్టి, మైసూరున సంస్కృతాంధ్రకర్ణాటభాషలు నేర్చి, బెంగుళూరు పేరును తన పేరు ముందు నిలుపుకొనిన విదుషి. ఆమె రాధికాసాంత్వనపు ముద్రితప్రతి సంపాదించి చదివి, అందు కొన్ని పద్యములు లోపించినవని గుర్తించి, వ్రాతప్రతితో సరిచూచి 1910లో వావిళ్లవారి ద్వారా పూర్తిప్రతిని ప్రకటించిరి. పీఠికలో పంతులుగారిని సూటిగ ప్రశ్నించిరి. సిగ్గు స్త్రీలకేగాని పురుషులకు విధింపబడలేదా? పంతులుగారు స్వయముగ పరిశీలించి విద్యార్థులు చదువుటకు అంగీకరించిన 'వైజయంతీవిలాసము' నందలి శృంగారముకంటె ఇందలి శృంగారము ఏ విధమున హీనము? ఆమె వాదసారము ఇది. ఆమె ముద్దుపళని మాటలు సిగ్గుగొలుపునవి కావని సాధింపబూనలేదు. ఒకే మాటకు ఒకే తూనిక కావలెననిరి.

ఒక వేశ్య వ్రాసినదానిని మరియొక వేశ్య పరిష్కరించినదని 'శశిరేఖ' పత్రిక ఎత్తిపొడిచినది. 1911లో దొరతనమువారు పుస్తకమును అశ్లీలమని నిర్ణయించి ప్రతులను స్వాధీనము చేసికొనిరి. పండితులు కొందరు విన్నపములు పంపినను ఫలింపలేదు. ఇచట వినోదకారిణి వాక్యమునకు కోపించినవారు విదేశీయులు మాత్రమే కారు. తెలుగుదేశపు సంస్కర్తలు, సంపాదకులు ముందు నిలిచిరి. వీరేశలింగము పంతులుగారి సేవ సామాన్యమైనది కాదు. వితంతువుల కన్నీరు తుడిచిన చేయి అది. ఆ చేయియే ఒక స్త్రీ కావ్యమునకు వేరొక రాతిని ఎత్తుట విచారకరము. గొప్పవారి తూనికయు వంగునని చెప్పుటకు ఇంతకంటె బలమైన సాక్ష్యము దొరకదు. ఈ కారణముచేతనే నేటి అభిమానసంఘములను మాత్రమే నిందించి చేతులు దులుపుకొనుట పండితులకు తగదు.

నాగరత్నమ్మ పద్ధతిని నేటి ఘట్టములకు అన్వయించి చూడవచ్చును. పలికినవారి పేరు తీసివేసి, పడినవారి పేరు తీసివేసి, వాక్యమును మాత్రము కాగితముపై వ్రాసికొని చదువవలెను. 2016 నాటి మాటను ఒక పరభాషానటుడు తెలుగు కథానాయికలను గూర్చి బెంగుళూరు సభలో పలికెనని ఊహింపుడు. ఎన్ని తెలుగుసంఘములు తీర్మానములు చేసియుండెడివి? 2024 నాటి మాటను ఒక తెలుగునటుడు తన వేదికపై ఇతరజాతివారిని గూర్చి పలికెనని ఊహింపుడు. సభలో నిశ్శబ్దము వినబడునా, చప్పట్లు వినబడునా? తిరుమణిలో తెలుగు తరగతియందు సందర్భసహితవ్యాఖ్యలు వ్రాయు విద్యార్థి, ఈ మాట ఎవరు ఎవరితో పలికిరి అని మొదట వ్రాయును. పరీక్షకు అదియే సరియైన పద్ధతి. ధర్మాధర్మవిచారమునకు మాత్రము ఆ రెండు గడులను కాసేపు ఖాళీగ నుంచవలసియుండును. పిమ్మట పలికినవాని అధికారమును, పడినవారి బలహీనతను తెచ్చి కూడుకొనవచ్చును. అవి నిజమైన బరువులే. ముందుగనే కూడినచో వాక్యమును చదువుపనియే ఉండదు.

పుస్తకము పోయినను నాగరత్నమ్మ ఊరకుండలేదు. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధి శిథిలమైయుండగా తన గానార్జితమును వెచ్చించి మందిరము కట్టించిరి. అచట ఆరాధనోత్సవమున స్త్రీలు పాడరాదను కట్టుబాటును ఎదిరించిరి. అంతఃపురసేవకుల సంతతియని 2024లో ఎవరిని తక్కువచేసి మాటాడిరో, వారి భాషలో త్యాగరాజు కూర్చిన కీర్తనలే ఆ మందిరమున నేటికిని ఏటేట వినబడుచున్నవి. టంగుటూరి ప్రకాశము పంతులుగారి ప్రభుత్వకాలమున రాధికాసాంత్వనముపైనున్న నిషేధము తొలగినది. 1952లో వావిళ్లవారు నాగరత్నమ్మ పీఠికతోనే దానిని మరల ముద్రించిరి. ఆమె మరణించినది ఆ సంవత్సరముననే.